రెండవ తరగతిలో శరత్కాలపు చదువు: వత్తులు, వందలు, వాక్యాలు

ప్రాథమిక విద్యలో రెండవ తరగతిది కీలక స్థానం. ఒకటవ తరగతిలో చిన్నారులు బడికి అలవాటు పడతారు, అక్షరాలను గుర్తిస్తారు, గుణింతాలతో కూడిన చిన్న చిన్న పదాలను చదువుతారు. మూడవ తరగతికి వచ్చేసరికి పరిసరాల విజ్ఞానం ప్రత్యేక పాఠ్యాంశంగా చేరుతుంది. పాఠాల నిడివి పెరుగుతుంది. లెక్కలను అంకెలతో పాటు మాటలలోనూ ఇస్తారు. ఈ రెండింటి నడుమ నున్న రెండవ తరగతిలోనే అక్షరం పాఠంగా ఉన్న స్థితి మారి, పాఠానికి సాధనమయ్యే స్థితి రావలసి ఉంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పాఠశాలలు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. ఆశ్వయుజ, కార్తీక మాసాలతో కూడిన శరదృతువు వచ్చేసరికి విద్యా సంవత్సరం సగానికి చేరువవుతుంది. తరగతిలో ఎవరు ముందుకు సాగుతున్నారు, ఎవరు వెనుకబడుతున్నారు అనే విషయం ఉపాధ్యాయునికి స్పష్టంగా తెలిసేది ఈ కాలంలోనే. వెనుకబడిన వారిని తోటివారితో కలపడానికి తగినంత వ్యవధి మిగిలి ఉండేది కూడా ఈ కాలంలోనే. అందువలన ఈ నెలలలో రెండవ తరగతి విద్యార్థులు ఏమి నేర్చుకుంటున్నారో తల్లిదండ్రులు తెలిసికొని ఉండడం ఎంతైనా అవసరం.

పునాది దశకు ఆఖరి మెట్టు

2020 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యా విధానం పాఠశాల విద్యను 5+3+3+4 అనే నాలుగు దశలుగా విభజించింది. ఇందులో మొదటిదైన పునాది దశలో మూడేళ్ల పూర్వ ప్రాథమిక విద్యతో పాటు ఒకటి, రెండు తరగతులు చేరి ఉన్నాయి. అనగా మూడేళ్ల వయస్సు నుండి ఎనిమిదేళ్ల వయస్సు వరకు సాగే పునాది దశకు రెండవ తరగతి ఆఖరి సంవత్సరం. చదవడం, రాయడం, ప్రాథమిక గణితం రాకపోతే మిగిలిన విద్యా సంస్కరణలు ఏవీ ఆ బిడ్డకు ప్రయోజనం చేకూర్చలేవని ఆ విధానం స్పష్టం చేసింది.

ఈ ఆశయంతో కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. మూడవ తరగతి పూర్తయ్యేనాటికి ప్రతి విద్యార్థి పునాది అక్షరాస్యతను, సంఖ్యా జ్ఞానాన్ని పొందాలని, 2026-27 నాటికి ఈ లక్ష్యాన్ని దేశమంతటా సాధించాలని అందులో నిర్దేశించారు. తెలంగాణలో ఇదే ఉద్దేశంతో 2022 ఆగస్టు 15న తొలిమెట్టు కార్యక్రమం ఆరంభమైంది.

తరగతుల వారీగా నిర్దేశించిన లక్ష్యాలు సులభంగా గుర్తుంచుకోదగినవి. ఒకటవ తరగతి పూర్తయ్యేసరికి నాలుగైదు సరళ పదాలు గల చిన్న వాక్యాలను చదవగలగాలి. 99 వరకు సంఖ్యలను చదివి రాయగలగాలి. రెండవ తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 45 నుండి 60 పదాలను అర్థం చేసుకుంటూ చదవగలగాలి. 999 వరకు సంఖ్యలను చదివి రాయగలగాలి. 99 లోపు సంఖ్యల తీసివేతలు చేయగలగాలి. మూడవ తరగతిలో ఇవి నిమిషానికి కనీసం 60 పదాలకు, 9999 వరకు సంఖ్యలకు పెరుగుతాయి. ఒక్క సంవత్సరంలో రెండంకెల సంఖ్య నుండి మూడంకెల సంఖ్యకు, చిన్న వాక్యం నుండి పూర్తి పేరాకు ఎదగవలసిన బాధ్యత రెండవ తరగతిపై ఉన్నది.

తెలుగు: వత్తులను దాటే కాలం

తెలుగు వర్ణమాలలో సంప్రదాయకంగా 56 అక్షరాలను లెక్కిస్తారు. అయితే ఈ అక్షరాలను గుర్తించినంత మాత్రాన తెలుగు చదవడం రాదు. ముప్పైకి పైగా ఉన్న హల్లులకు తలకట్టు, దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, కొమ్ము దీర్ఘం, ఎత్వం, ఏత్వం మొదలైన గుర్తులు చేరినప్పుడు ఒక్కొక్క హల్లుకు పదికి మించిన రూపాలు ఏర్పడతాయి. ఆ విధంగా చిన్నారి కన్ను గుర్తుపట్టవలసిన రూపాలు మూడు వందలు దాటుతాయి. ఒకటవ తరగతిలో అధిక సమయం వీటికే వెచ్చించవలసి వస్తుంది.

రెండవ తరగతిలో వీటిపై వత్తులు చేరతాయి. ఒక హల్లుకు అదే హల్లు వత్తుగా చేరితే ద్విత్వాక్షరం. అమ్మ, అక్క, చెట్టు, పువ్వు, పిల్లి వంటి పదాలు ఈ కోవలోనివి. ఒక హల్లుకు వేరొక హల్లు వత్తుగా చేరితే సంయుక్తాక్షరం. పుస్తకం, సూర్యుడు, చంద్రుడు, విద్య వంటి పదాలు ఇందుకు ఉదాహరణలు. రాష్ట్రం, స్త్రీ వంటి పదాలలో మూడు హల్లులు కలిసిన సంశ్లేషాక్షరాలు వస్తాయి. ఇంట్లో ప్రతి దినం పలికే మాటలలోనే ద్విత్వాలు మెండుగా ఉన్నందున బోధన వీటితో మొదలై, సంయుక్తాక్షరాల వైపు సాగుతుంది.

పెద్దలకు అలవాటైపోవడం వలన వత్తులలోని కష్టం స్ఫురించదు. గ, డ వంటి అక్షరాల వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉంటాయి. త, న, మ, య, ర, ల అక్షరాల వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. వాటిని కొత్త గుర్తులుగానే నేర్చుకోవాలి. అంతకు మించిన చిక్కు మరొకటి ఉన్నది. ‘చంద్రుడు’ అనే పదంలో కొమ్ము ద అక్షరానికి చేరి కనిపిస్తుంది. కానీ ఆ కొమ్ము ధ్వని కింద ఉన్న ర వత్తు తరువాత పలుకుతుంది. కంటికి కనిపించే వరుస ఒకటి, నోట పలికే వరుస మరొకటి. అందుకే అనేకమంది చిన్నారులు మొదట ‘చందురుడు’ అని చదువుతారు. ఇది బుద్ధిమాంద్యం కాదు, అశ్రద్ధ అంతకన్నా కాదు. లిపి స్వభావం వలన ఏర్పడే సహజమైన తడబాటు. ఉపాధ్యాయుడు ఆ పదాన్ని నెమ్మదిగా విడదీసి పలికి, తిరిగి కలిపి పలికించడం ద్వారా దీనిని సరిచేస్తారు.

వత్తును వదిలివేస్తే అర్థమే మారిపోతుందని తెలియజేయడానికి జంట పదాలు ఎంతగానో ఉపకరిస్తాయి. గడి - గడ్డి, కల - కల్ల, అట - అట్ట వంటి జంటలను నల్లబల్లపై రాసి చదివిస్తారు. ‘ఆవు గడి మేసింది’ అని ఒకరు చదివినప్పుడు తరగతిలో నవ్వులు విరియడం, ఆ వెంటనే ఆ చిన్నారి తానే సరిదిద్దుకోవడం ఈ బోధనలో కనిపించే మంచి ఫలితం. చదివినదానికి అర్థం ఉండాలనే స్పృహ అక్కడే మొదలవుతుంది.

ధారాళంగా చదవడం ఎందుకు?

నిమిషానికి 45 పదాలనే ప్రమాణాన్ని వేగం కోసం నిర్దేశించినదిగా భావించరాదు. ఒక్కొక్క అక్షరాన్ని కూడబలుక్కుంటూ చదివే చిన్నారి వాక్యం చివరకు చేరేసరికి మొదటి పదాలను మరచిపోతారు. మనస్సు అక్షరాలను గుర్తించే పనిలోనే అలసిపోతుంది. భావానికి చోటు మిగలదు. పదాన్ని చూడగానే గుర్తించగలిగినప్పుడే కథలో ఏమి జరిగిందో, ఎందుకు జరిగిందో ఆలోచించే వీలు కలుగుతుంది. తెలుగులో విభక్తులు, క్రియా ప్రత్యయాలు పదంలోనే కలిసిపోతాయి. ‘వెళ్ళినప్పుడు’, ‘చెట్టుమీదనుంచి’ వంటి పొడవైన పదాలు పాఠాలలో తరచూ వస్తాయి. కాబట్టి గడియారంతో పాటు గ్రహణ శక్తిని కూడా గమనించవలసి ఉంటుంది.

ఈ విషయంలో దేశవ్యాప్త పరిస్థితి ఆలోచింపజేసేదిగా ఉన్నది. గ్రామీణ ప్రాంతాలలో ప్రథమ్ సంస్థ నిర్వహించే అసర్ సర్వే ప్రకారం, ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి విద్యార్థులలో రెండవ తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో 20.9 శాతం. కోవిడ్ కారణంగా బడులు మూతపడిన అనంతరం 2022లో ఇది 16.3 శాతానికి తగ్గింది. 2024లో 23.4 శాతానికి పెరిగింది. తగ్గినది తిరిగి పెరగడం సంతోషించదగినదే. అయినప్పటికీ ప్రతి నలుగురిలో ముగ్గురు రెండవ తరగతి చదువును పూర్తిగా అందుకోకుండానే మూడవ తరగతిలో కూర్చుంటున్నారన్నది వాస్తవం.

గణితం: పదుల కట్టలు, వందల కట్టలు

గణితంలో ఈ కాలపు ప్రధానాంశం స్థాన విలువ. ఒకట్లు, పదులు, వందలు అనే భావనను నల్లబల్లపై గీతలతో చెప్పడం కంటే చేతికి అందే వస్తువులతో చెప్పడం మేలని అనుభవం చెబుతున్నది. చీపురు పుల్లలు, చింతగింజలు, పూసల దండలు ఖర్చులేని బోధనోపకరణాలు. పది పుల్లలను ఒక కట్టగా, పది కట్టలను ఒక పెద్ద కట్టగా కట్టినప్పుడు వంద అంటే ఏమిటో చిన్నారి చేతికే తెలుస్తుంది.

సంఖ్యల పేర్ల విషయంలో తెలుగు పిల్లలకు ఒక సౌలభ్యం ఉన్నది. పదకొండు నుండి పంతొమ్మిది వరకు పేర్లను విడివిడిగా గుర్తుంచుకోవాలి. ఇరవై దాటిన తరువాత పదుల పేరుకు ఒకట్ల పేరు చేర్చితే సరిపోతుంది. ఇరవై ఒకటి, ముప్పై రెండు, నలభై మూడు అనేవి రాసే వరుసలోనే పలుకుతాయి. హిందీలో వంద వరకు పేర్లను దాదాపు విడివిడిగానే నేర్వవలసి వస్తుంది. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ వంటివి వినికిడికి దగ్గరగా ఉండి తికమక పెడతాయి. అందుచేత గణిత భావనను ముందుగా తెలుగులో స్థిరపరచి, ఆపై ఇంగ్లీషు పేర్లను పరిచయం చేయడం వలన మేలు జరుగుతుంది.

సున్న వద్ద మాత్రం పొరపాట్లు సహజం. ‘మూడు వందల అయిదు’ రాయమన్నప్పుడు కొందరు 300 పక్కన 5 చేర్చి 3005 అని రాస్తారు. విన్నది విన్నట్లు రాయడమే దీనికి కారణం. మూడు పెద్ద కట్టలు, విడి పుల్లలు అయిదు ఎదుట పెట్టి, పదుల కట్టలు లేవు కనుక ఆ స్థానంలో సున్న నిలిచిందని చూపితే 305 అర్థమవుతుంది.

తీసివేత ఈ తరగతిలో మరొక కఠినమైన మలుపు. 52 నుండి 27 తీసివేయమన్నప్పుడు అనేకమంది 35 అని జవాబు రాస్తారు. రెండులో నుండి ఏడు పోదు కనుక ఏడులో నుండి రెండు తీసివేయడం వలన ఈ తప్పు వస్తుంది. ‘పక్క ఇంటి నుండి అప్పు తెచ్చుకోవడం’ అని పెద్దలు నేర్పే పద్ధతి జవాబును తెస్తుంది గాని, కారణాన్ని తెలపదు. అయిదు కట్టలలో ఒక కట్టను విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు అవుతాయి. అందులో నుండి రెండు కట్టలు, ఏడు పుల్లలు తీసివేస్తే మిగిలేవి 25. కట్టను స్వయంగా విప్పిన చిన్నారికి ఈ లెక్క కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు. 2024 అసర్ సర్వేలో ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి విద్యార్థులలో రెండంకెల తీసివేత చేయగలిగినవారు 27.6 శాతం మాత్రమే కావడం ఈ అంశంపై మరింత శ్రద్ధ అవసరమని సూచిస్తున్నది.

గుణకారాన్ని ఈ దశలో పదే పదే చేసే కూడికగా పరిచయం చేస్తారు. నలుగురు పిల్లలకు రెండేసి అరటిపండ్లు పంచితే ఎన్ని కావాలి అనే ప్రశ్నతో ఎక్కాలకు దారి ఏర్పడుతుంది. ఎక్కాలను వల్లించడం మంచిదే. అయితే అంతకు ముందే వాటి అర్థం తెలిసి ఉండాలి.

కొలతలు, కాలం, పరిసరాలు

పొడవులను జానలతో, మూరలతో, అడుగులతో కొలవడం. నీటిని గ్లాసులతో, చెంబులతో కొలవడం. రెండు వస్తువులలో ఏది బరువో తక్కెడతో చూడడం రెండవ తరగతి పనులు. ఒకే బల్లను ఇద్దరు జానలతో కొలిస్తే వేర్వేరు సంఖ్యలు వస్తాయి. ఎందుకు వచ్చాయని వారు చర్చించుకోవడం నుండే అందరికీ ఒకే కొలత ఉండాలనే ఆలోచన పుడుతుంది. సెంటీమీటరు, లీటరు ఆ తరువాతి తరగతులలో వస్తాయి. వంద రూపాయల లోపు మొత్తాన్ని ఆట నోట్లతో, నాణేలతో లెక్కించి ఇవ్వడం కూడా జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2017లో రూపొందించిన రెండవ తరగతి అభ్యసన ఫలితాలలో ఒకటి.

ఒకటి, రెండు తరగతులలో పరిసరాల విజ్ఞానానికి ప్రత్యేక పాఠ్యపుస్తకం ఉండదు. దానిని భాషలోనూ గణితంలోనూ మేళవించి బోధించాలని 2005 నాటి జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం సూచించింది. ఇందుకు శరదృతువు ఎంతో అనుకూలమైనది. వానలు వెనుకపట్టి ఆకాశం తేటపడుతుంది; చేలలో వరి వెన్ను తీస్తుంది; తంగేడు, గునుగు, బంతి పూలు విరివిగా పూస్తాయి. తెలంగాణ పల్లెలలో బతుకమ్మను పేర్చే వరుసలు గణిత పాఠంలోని అమరికలకు కళ్లెదుటి ఉదాహరణ. ఒక వరుస పసుపు, ఒక వరుస తెలుపు అయితే తరువాత రావలసిన రంగు ఏది అనే ప్రశ్నకు పుస్తకం అక్కరలేదు. వారాలు, నెలలు, రుతువుల పేర్లు కూడా పండుగల వరుసతో ముడిపడినప్పుడు సులభంగా గుర్తుంటాయి.

రెండు భాషల పుస్తకం, ఇంటి భాష

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి, తెలంగాణలో 2022-23 నుండి ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశించాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ముద్రించడం వలన తెలిసిన భాష సాయంతో తెలియని భాషను అందుకునే వీలు కలుగుతున్నది. తెలుగులో అక్షరాన్ని బట్టి పలుకు తెలుస్తుంది. ఇంగ్లీషులో అలా కాదు. ‘సి’ అనే అక్షరం క్యాట్‌లో ఒక విధంగా, సిటీలో మరొక విధంగా పలుకుతుంది. కాబట్టి రెండవ తరగతి ఇంగ్లీషులో వినడానికి, మాట్లాడడానికి, పాటలకు, చిన్న చిన్న ఆదేశాలకు ప్రాధాన్యం ఇవ్వడం సముచితం.

ఇంట్లో తెలుగు కాని భాష మాట్లాడే చిన్నారులకు పాఠశాల తెలుగు కూడా కొత్త భాషే. ఈ అవసరాన్ని గుర్తించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో బహుభాషా విద్యా కార్యక్రమాన్ని చేపట్టారు. ఇంటి మాటతో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి తీసుకువెళ్లడం ఇందులోని మూలసూత్రం. అటవీ గ్రామాల రెండవ తరగతి చిన్నారికి వత్తులు రాకపోవడానికి, ఆ పదమే తెలియకపోవడానికి గల భేదాన్ని ఉపాధ్యాయుడు గుర్తించడం తప్పనిసరి.

మదింపు ఎందుకు ముఖ్యం?

విద్యా హక్కు చట్టం, 2009 ప్రకారం ఒకటి నుండి అయిదవ తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. రెండవ తరగతిలో ఎవరినీ అనుత్తీర్ణులుగా నిలిపివేయరు. చిన్న వయస్సులో ఓటమి ముద్ర పడరాదనే ఉద్దేశంతో చేసిన ఈ ఏర్పాటు సమంజసమైనది. కానీ దీని వెంట ఒక బాధ్యత కూడా ఉన్నది. చదవడం రాని చిన్నారి కూడా తరువాతి జూన్‌లో మూడవ తరగతిలోకి వెళ్తారు. ఆపే పరీక్ష లేదు కనుక ఆదుకునే మదింపు ఉండితీరాలి. నిర్మాణాత్మక మూల్యాంకనాలు, ఆ పైన వచ్చే సంగ్రహణాత్మక మూల్యాంకనం మార్కుల కోసం ఉద్దేశించినవి కావు. ఎవరికి గుణింతాలు రాలేదు, ఎవరు వత్తుల వద్ద ఆగిపోయారు, ఎవరికి తీసివేత అర్థం కాలేదు అని వేరు వేరుగా తెలిసికొని, ఆయా బృందాలకు తగిన సాధన ఇవ్వడానికే అవి ఉన్నాయి.

చిన్న గ్రామాలలో ఈ పని మరింత క్లిష్టమైనది. అరవై మంది లోపు విద్యార్థులున్న ప్రాథమిక పాఠశాలకు చట్టం ప్రకారం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. అనగా ఇద్దరే అయిదు తరగతులను నిర్వహించవలసి ఉంటుంది. అటువంటి చోట ఒకటి, రెండు తరగతులను కలిపి కూర్చోబెట్టి, స్థాయిని బట్టి జట్లు చేసి, పెద్ద తరగతుల వారితో చిన్నవారికి కథలు చదివించడం వలన సమయం సద్వినియోగమవుతుంది.

తల్లిదండ్రులు చేయదగినవి

దసరా సెలవులలో పుస్తకం మూసివేసిన చిన్నారులు తిరిగి వచ్చేసరికి కొంత మరచిపోవడం కద్దు. దీనికి ఇంట్లో ప్రతి రోజు పది నిమిషాలు కేటాయిస్తే చాలు. తల్లిదండ్రులకు చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. బిడ్డ చదువుతుండగా పక్కన కూర్చొని వినడం, ‘తరువాత ఏమైంది?’ అని అడగడం వారి పని. దుకాణాల పేర్లు, బస్సుల బోర్డులు, గోడలపై రాతలు చదివించవచ్చు. సంతలో కూరగాయల ధరలు కూడమనవచ్చు, చిల్లర లెక్కించమనవచ్చు. తడబడినప్పుడు కసురుకోవడం, తోటివారితో పోల్చడం తగదు. నల్లబల్లపై అక్షరాలు తప్పు చూసి రాస్తున్నా, పుస్తకాన్ని కళ్లకు మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా కంటి పరీక్ష చేయించడం అవసరం. చూపు సరిగా లేని బిడ్డను చదువు రాని బిడ్డగా భావించే ప్రమాదం ఉన్నది.

ఈ కాలంలో బడికి వెళ్లి ఉపాధ్యాయుని కలిసే తల్లిదండ్రులు ‘మా బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చాయి?’ అని అడగడానికి ముందు మూడు ప్రశ్నలు అడగడం మేలు. కొత్త కథను మా బిడ్డ స్వయంగా చదవగలుగుతున్నదా? చదివినది తన మాటలలో చెప్పగలుగుతున్నదా? రెండంకెల తీసివేతను అర్థం చేసుకొని చేయగలుగుతున్నదా? వీటిలో ఏ ఒక్కదానికైనా ‘లేదు’ అని సమాధానం వస్తే చింతించవలసిన పని లేదు. ఏప్రిల్ వరకు ఇంకా వ్యవధి ఉన్నది. ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు కలిసి ఈ శరత్కాలంలోనే ఆ లోటును గుర్తించి పూడ్చినట్లయితే, వచ్చే జూన్‌లో ఆ చిన్నారి మూడవ తరగతి పుస్తకాన్ని తానే తెరచి చదువుకోగలుగుతారు.